సాగాల నుంచి యూన్ ఫొస్సే దాకా: స్కాండినేవియా సాహిత్యం ఎక్కడ మొదలుపెట్టాలి?

వానాకాలం_చదువు
అందరికీ నమస్కారం. ఎమ్మేలో నార్వే నాటకకర్త ఇబ్సెన్ రాసిన ‘డాల్స్ హౌస్’ మాకు సిలబస్‌లో ఉండేది. పరీక్ష కోసమే చదివినా, నోరా తలుపు మూసి వెళ్ళిపోయే ఆ చివరి పేజీ ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. తర్వాత స్టీగ్ లార్సన్ క్రైమ్ నవల ఒకటి చదివాను. ఈ రెండింటి వెనకాల ఏముందో చూద్దామని పోయిన నెల ‘న్యాల్ సాగా’ అనే పాతకాలపు వచన కథ మొదలుపెట్టి ఇరవై పేజీల్లోనే చేతులెత్తేశాను. ఫలానావాడి కొడుకు ఫలానావాడు, వాడి మేనత్త ఫలానా, ఆవిడ తాత నార్వే నుంచి వచ్చినవాడు... ఎవర్ని గుర్తుపెట్టుకోవాలో, ఎవర్ని వదిలెయ్యాలో తెలియలేదు. మనుషులు టపటపా చచ్చిపోతున్నారు, ఒక్కరూ కంటతడి పెట్టరు. మళ్ళీ ప్రయత్నించమంటారా, లేక ఆధునికులతో మొదలుపెట్టమంటారా?

పాతపుస్తకాల_మాస్టారు
ప్రయత్నించండి, కానీ న్యాల్‌తో కాదు. మొదటి సాగాగా ‘హ్రాఫ్న్‌కెల్ సాగా’ చదవండి. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది.

కథ చిన్నదే. హ్రాఫ్న్‌కెల్ అనే పెద్దమనిషికి ఒక గుర్రం. దాన్ని తన దేవుడితో సగం పంచుకున్నాడు. నా అనుమతి లేకుండా ఎవడెక్కినా చంపుతానని ఒట్టు పెట్టుకున్నాడు. అతని దగ్గర ఎయ్‌నార్ అనే పేద కుర్రాడు గొర్రెలు కాయడానికి చేరాడు. ఒకరోజు గొర్రెలు తప్పిపోయాయి. వెతకడానికి గుర్రం కావాలి. మిగతావన్నీ అతన్ని చూసి పారిపోయాయి. ఆ ఎక్కకూడని గుర్రం ఒక్కటే నేలలో పాతినట్టు కదలకుండా నిలబడింది. ఎక్కాడు. సాయంత్రం ఆ గుర్రం ఒళ్ళంతా చెమట, బురదతో యజమాని గుమ్మం ముందుకొచ్చి సకిలించింది. మర్నాడు హ్రాఫ్న్‌కెల్ ఆ కుర్రాణ్ణి చంపాడు. ఒట్టు లేకపోతే క్షమించేవాణ్ణని చెప్పి మరీ చంపాడు. తర్వాత కుర్రాడి తండ్రి దగ్గర, ఇది నేను చేసినవాటిలోకెల్లా చెడ్డపని అని ఒప్పుకున్నాడు. పరిహారం ఇస్తానన్నాడు. తండ్రి వద్దన్నాడు. కథంతా అక్కణ్ణుంచి నడుస్తుంది.

ఎవరూ కంటతడి పెట్టరన్నారు కదా, ఈ కథలో మనసు ఎక్కడుందో చూడండి. రచయిత ‘హ్రాఫ్న్‌కెల్ బాధపడ్డాడు’ అని ఎక్కడా రాయడు. మనిషి ఏమన్నాడు, ఏం చేశాడు, అంతవరకే చెబుతాడు. లోపలి సంగతి మనం పట్టుకోవాలి. సాగా చదవడమంటే ఇదే అలవాటు చేసుకోవడం. వంశవృక్షాలు మొదటిసారి దాటేయండి, తప్పేమీ లేదు. ఆనాటి ఐస్‌లాండ్ శ్రోతకి మాత్రం అవి అవసరం. ‘మా లోయవాళ్ళే’ అనుకుంటూ వినేవాడు.

ఉప్సాలా_వెన్నెల
మాస్టారు చెప్పినదానికి ఒక సవరణ. నేను పదకొండేళ్ళుగా స్వీడన్‌లో ఉంటున్నాను. మనం ‘స్కాండినేవియన్ సాగాలు’ అని కలిపి అనేస్తాం కానీ అవి ఐస్‌లాండ్‌వి. 930–1030 మధ్య జరిగిన సంగతుల్ని 13, 14 శతాబ్దాల్లో ఐస్‌లాండ్‌వాళ్ళు దూడతోలు మీద రాసుకున్నారు. అలాంటివి నలభై దాకా మిగిలాయి. రాసినవాళ్ళ పేర్లు లేవు. స్వీడన్‌కి అలాంటి కుటుంబ సాగాలు లేవు, రాళ్ళున్నాయి. మా చుట్టుపక్కల ఉప్లాండ్‌లోనే రూన్ అనే పాత లిపిలో చెక్కిన శాసనాలు వెయ్యికి పైగా ఉన్నాయి. పొలం గట్టున, చర్చి గోడలో, ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తాయి. చాలావాటిలో రెండే ముక్కలు: ఫలానా కొడుకు తండ్రి జ్ఞాపకార్థం ఈ రాయి నిలిపాడు, తండ్రి తూర్పుదేశంలో చనిపోయాడు.

డెన్మార్క్ దారి వేరు. అక్కడ సాక్సో అనే పండితుడు 1200 ప్రాంతంలో లాటిన్‌లో చరిత్ర రాశాడు. షేక్‌స్పియర్ హామ్లెట్‌కి మూలమైన ఆమ్లెత్ కథ అందులోదే.

కొత్తవాళ్ళకి నేనైతే సెల్మా లాగెర్‌లోఫ్‌ని ఇస్తాను. చిన్నపిల్లలకి స్వీడన్ భూగోళం నేర్పడానికి ఒక పాఠ్యపుస్తకం రాసిపెట్టమని ఆవిడని అడిగారు. ఆవిడ ఒక అల్లరి పిల్లాణ్ణి బొటనవేలంత చేసి, బాతు వీపు మీద ఎక్కించి, దేశమంతా తిప్పింది. అదే 1906–07లో వచ్చిన ‘నిల్స్ హోల్గెర్‌సన్’. 1909లో నోబెల్ వచ్చింది. సాహిత్యంలో ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. అప్పుల్లో చేజారిన పుట్టింటి ఆస్తిని మళ్ళీ కొనుక్కోవడానికి ఆ డబ్బు పనికొచ్చింది.

పల్నాటి_పుంజు
వానాకాలం గారూ, మీరు ఆపేసిన చోటు నుంచి ఇంకాస్త ముందుకెళ్ళండి. నాది గురజాల దగ్గరి ఊరు. న్యాల్ సాగాలో గుర్రాల పోటీ దగ్గరకొచ్చేసరికి నాకు ఒళ్ళు జలదరించింది. రెండు గుర్రాల్ని ఎదురెదురుగా వదిలి పోట్లాడిస్తారు. అవతలివాళ్ళు కథలో ముఖ్యుడైన గున్నార్ గుర్రం కన్ను పొడుస్తారు. అక్కణ్ణుంచి పగ. మాకు కోడిపందెం, వాళ్ళకి గుర్రప్పందెం! మా కథలో బ్రహ్మనాయుడి వర్గం ఏడేళ్ళు వలస పోవాలి. గున్నార్‌కి మూడేళ్ళ ప్రవాసం.

కానీ తేడా కూడా అక్కడే ఉంది. గున్నార్ ఓడ ఎక్కడానికి బయల్దేరతాడు. దారిలో గుర్రం తడబడుతుంది. కిందికి దూకి వెనక్కి తిరిగి తన ఇంటి కొండవాలు చూస్తాడు. పండిన చేలు, కోసిన గడ్డి. ఇంత అందంగా నాకెప్పుడూ కనిపించలేదు, నేను వెళ్ళను, ఇంటికి పోతున్నా అంటాడు. వెళ్ళకపోతే చస్తానని తెలిసీ వెనక్కి తిరుగుతాడు. ఆ చోటు నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

పాతపుస్తకాల_మాస్టారు
పల్నాటి పుంజు గారూ, పోలిక బాగుంది. ఒక్క మాట కలుపుతాను. పల్నాటి కథ పాటగా, ద్విపదగా మనదాకా వచ్చింది. సాగా వచనం. 13వ శతాబ్దంలో నెల్లూరులో తిక్కన భారతాన్ని చంపూ పద్ధతిలో పద్యం, వచనం కలిపి రాస్తున్న కాలంలోనే, అక్కడ పేరు తెలియని ఎవరో రైతు వాడే మాటల్లో న్యాల్ కథని నాలుగైదు వందల పేజీల వచనంగా రాశారు. యూరప్‌లో చదువుకున్నవాళ్ళు ఎక్కువగా లాటిన్‌లో రాసే రోజులవి.

ఇంత పగ ఎందుకు పెరుగుతుందన్నది కూడా చూడాలి. ఐస్‌లాండ్‌లో 930 నుంచి ఆల్తింగ్ అనే సభ ఉంది. చట్టం ఉంది. మొదట్లో అది రాత రూపంలో లేదు. ‘చట్టం చెప్పేవాడు’ దాన్ని కంఠతా పట్టి, ఏటా మూడో వంతు చొప్పున సభలో వినిపించేవాడు. కానీ రాజు లేడు, పోలీసు లేడు. తీర్పు వచ్చాక దాన్ని అమలు చేసుకోవాల్సింది గెలిచినవాడే. బలగం ఉన్నవాడి తీర్పు నిలిచేది, లేనివాడిది గాల్లో పోయేది. అందుకే సాగాల్లో కత్తి ఎంత ఉంటుందో కోర్టు అంత ఉంటుంది. న్యాల్ కత్తి పట్టే మనిషి కాదు, దేశంలోకెల్లా పెద్ద లాయరు. అంతటివాడూ తన కొడుకుల్ని కాపాడుకోలేకపోయాడు.

చలిమంట_ఓస్లో
మీరందరూ సాగాల మీద ప్రేమతో ఒకటి మరిచిపోతున్నారు. ‘లోపలి సంగతి చెప్పకపోవడమే నార్డిక్ శైలి’ అని మాస్టారు అనలేదు గానీ, చర్చ అటే పోతోంది. నేను ఒప్పుకోను. 1890లో నార్వే రచయిత క్నూట్ హామ్సున్ ‘ఆకలి’ నవల రాశాడు. అందులో ఉన్నదంతా లోపలి సంగతే. నేనుంటున్న ఈ ఓస్లో పేరు అప్పుడు క్రిస్టియానియా. ఒక యువ రచయిత తిండిలేక ఈ వీధుల్లో తిరుగుతాడు. చెక్కముక్క నోట్లో పెట్టుకుని చప్పరిస్తాడు. ఉన్న ఒక్క వెయిస్ట్‌కోటు తాకట్టు పెట్టి ఆ డబ్బు ఇంకొకడికి ఇచ్చేస్తాడు. ఏ క్షణంలో ఏ ఆలోచన వస్తుందో వాడికే తెలియదు. కథంటూ ఏమీ లేదు, ఆకలితో ఉన్న ఒక బుర్ర ఉంది, అంతే. 20వ శతాబ్దపు నవలకి దారి వేసిన పుస్తకాల్లో అదొకటి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇదే హామ్సున్ 1920లో నోబెల్ అందుకున్నాడు. 1943లో ఆ పతకాన్ని గోబెల్స్‌కి కానుకగా ఇచ్చాడు. 1945 మే నెలలో హిట్లర్ చనిపోతే పొగుడుతూ పత్రికలో నివాళి రాశాడు. ఇదే దేశంలో సిగ్రిడ్ ఉన్‌సెట్ ఉంది. ఆవిడకి నోబెల్ 1928లో వచ్చింది. 1940లో జర్మన్లు దాడి చేసినప్పుడు ఆవిడ పెద్దకొడుకు పోరాటంలో చనిపోయాడు, ఆవిడ దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ‘ఆకలి’ చదవండి, కానీ ఇది తెలిసి చదవండి. నేను ఆ పుస్తకాన్ని మూడుసార్లు చదివాను. మూడోసారి కూడా గొప్పదే అనిపించింది, మూడోసారి కూడా కోపం వచ్చింది.

వానాకాలం_చదువు
చలిమంట గారూ, ఉన్‌సెట్ ఏం రాశారు?

చలిమంట_ఓస్లో
‘క్రిస్టిన్ లావ్రాన్స్‌దత్తర్’. మూడు భాగాలు, 1920–22. 14వ శతాబ్దపు నార్వేలో ఒక ఆడపిల్ల పుట్టుక నుంచి ప్లేగులో చనిపోయేదాకా. తండ్రి చూసిన సంబంధం కాదని ప్రేమించినవాణ్ణి చేసుకుంటుంది. ఆ తర్వాత జీవితమంతా ఆ నిర్ణయంతో కాపురం చెయ్యడమే కథ. ఎనిమిదిమంది కొడుకులు పుడతారు, మొగుడు బాధ్యత లేని మనిషి. తండ్రీకూతుళ్ళ మధ్య జరిగే మాటలు చదివి నేను మా నాన్నకి ఫోన్ చేశాను. ఉన్‌సెట్ చిన్నప్పుడే న్యాల్ సాగా చదివి దానికి బానిసైపోయింది. ఇది మాస్టారి పక్షానికి నేనిస్తున్న పాయింటు.

పల్నాటి_పుంజు
ఇబ్సెన్ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ‘డాల్స్ హౌస్’ 1879 డిసెంబరులో కోపెన్‌హేగెన్‌లో మొదటిసారి ఆడింది. జర్మనీలో నోరా పాత్ర వెయ్యాల్సిన నటి, నేనైతే నా పిల్లల్ని వదిలి పోను, ఈ ముగింపు ఆడనని మొండికేసింది. అప్పటి చట్టాల ప్రకారం అక్కడ నాటకానికి రక్షణ లేదు, ఎవరైనా మార్చేయొచ్చు. వేరేవాడు పాడుచేసేకన్నా నేనే రాస్తానని ఇబ్సెన్ ఇంకో ముగింపు రాసి ఇచ్చాడు. అందులో భర్త నోరాని పిల్లల గది గుమ్మం దాకా లాక్కెళ్తాడు, ఆవిడ అక్కడే కూలబడిపోతుంది. దాన్ని ఇబ్సెన్ తన నాటకం మీద జరిగిన ఘోరం అన్నాడు. మన సినిమాల్లో క్లైమాక్స్ మార్చే గొడవలు తెలిసినవాళ్ళకి ఆయన బాధ అర్థమవుతుంది.

సరస్సుల_ఊరు
నేను మిన్నెసోటాలో ఉంటాను. ఇక్కడ స్వీడిష్ పేర్లున్న వీధులు, చర్చిలు కోకొల్లలు. 19వ శతాబ్దం మధ్య నుంచి 1930 దాకా పది లక్షలకు పైగా స్వీడన్‌వాళ్ళు అమెరికా వచ్చేశారు. విల్హెల్మ్ మూబెరి ‘ది ఎమిగ్రెంట్స్’ నాలుగు నవలలు (1949–59) వాళ్ళ కథే. రాళ్ళు తప్ప ఏమీ పండని స్మోలాండ్ నుంచి కార్ల్ ఆస్కార్, క్రిస్టినా పిల్లల్ని వేసుకుని ఓడెక్కుతారు.

క్రిస్టినాకి ఇంటి బెంగ ఎప్పటికీ తీరదు. పుట్టింటి నుంచి ఆపిల్ గింజలు తెప్పించుకుని ఇక్కడ నాటుతుంది. ఏళ్ళ తర్వాత ఆ చెట్టు కాస్తుంది. అప్పటికి ఆవిడ మంచం మీద ఉంది. మొగుడు మొదటి కాయ తెచ్చిస్తే కొరికి, ఆ రుచి నోట్లో ఉండగానే ప్రాణం విడుస్తుంది. మా అమ్మ పంపిన గోంగూర గింజలు మా పెరట్లో మొలిచిన ఏడాదే నేనిది చదివాను. ఇంతకన్నా రాయలేను.

ఉప్సాలా_వెన్నెల
సరస్సుల ఊరు అక్కా, ఆ కాయ పేరు ఆస్త్రాకాన్. వేసవి చివర్లో ఇక్కడ సంతలో కనిపిస్తాయి. ఈసారి కొన్నప్పుడు మీరు గుర్తొస్తారు.

చలిమంట గారి వాదానికి జవాబుగా లాక్స్‌నెస్ పేరు చెబుతాను. ఐస్‌లాండ్ రచయిత, 1955లో నోబెల్. ఆయన ‘ఇండిపెండెంట్ పీపుల్’ (1934–35) చదివితే సాగాకీ ఆధునిక నవలకీ మధ్య వంతెన కనిపిస్తుంది. బ్యార్తుర్ అనే రైతు పద్దెనిమిదేళ్ళు ఊళ్ళో పెద్దమనిషి దగ్గర చాకిరీ చేసి తనకంటూ గొర్రెలు మేపుకునే కమతం ఒకటి కొనుక్కుంటాడు. ఇక ఎవరికీ తల వంచను అంటాడు. కొత్త పెళ్ళాం రోసాకి కడుపు. మాంసం మీద ఆశ చంపుకోలేక, ఇంట్లో ఆయన వదిలివెళ్ళిన ఒక్క గొర్రెనీ కోసుకుని తినేస్తుంది. ఆయనకి చెప్పదు. గొర్రె తప్పిపోయిందనుకుని ఆయన మంచు తుఫానులో వెతకడానికి పోతాడు. తిరిగొచ్చేసరికి ఆవిడ ఒంటరిగా ప్రసవించి చనిపోయి ఉంటుంది. కుక్క తన ఒంటి వేడితో బిడ్డని బతికించి ఉంటుంది. రచయిత ఒక్క నిట్టూర్పు కూడా విడవడు. హ్రాఫ్న్‌కెల్ కథ రాసిన ఆ పేరులేని మనిషి చెయ్యే ఇక్కడా కనిపిస్తుంది.

ఇదే లాక్స్‌నెస్ 1941లో ‘లాక్స్‌డేలా సాగా’ని ఇప్పటి స్పెల్లింగుతో ప్రచురించాడు. పెద్ద దుమారం లేచింది. పాత గ్రంథాల్ని ప్రచురించే హక్కు ప్రభుత్వానిదేనని పార్లమెంటు చట్టం చేసింది. ఆయన ఊరుకోలేదు, హ్రాఫ్న్‌కెల్ సాగాని కూడా అలాగే వేశాడు. కేసు పెట్టి జరిమానా వేశారు. చివరికి సుప్రీంకోర్టు కొట్టేసింది. గిడుగు రామమూర్తి గారి పోరాటం తెలిసినవాళ్ళకి ఇదెంత పెద్ద గొడవో చెప్పక్కర్లేదు.

చలిమంట_ఓస్లో
భాష గొడవ అంటే నార్వేదే. నాలుగు వందల ఏళ్ళు డెన్మార్క్ కింద ఉండటంతో 1814 తర్వాత కూడా రాత భాష డేనిష్‌గానే మిగిలింది. ఈవార్ ఓసెన్ అనే రైతుబిడ్డ 1842 నుంచి కొన్నేళ్ళు ఊరూరా తిరిగి పల్లె మాటలు పోగుచేసి, వ్యాకరణం, నిఘంటువు రాసి, వాటి మీద కొత్త రాత భాష కట్టాడు. దాని ఇప్పటి పేరు నీనొర్స్క్. ఈ దేశంలో తక్కువమందే అందులో రాస్తారు. టార్యెయ్ వెసోస్ ‘ది ఐస్ ప్యాలెస్’ (1963) ఆ భాషలోదే. 2023లో నోబెల్ అందుకున్న యూన్ ఫొస్సే రాసేదీ అదే.

ఫొస్సే ‘సెప్టాలజీ’లో ఫుల్‌స్టాప్ ఉండదు. ముసలి చిత్రకారుడు ఒకడు కారు నడుపుతూ, కిటికీలోంచి సముద్రం చూస్తూ, చనిపోయిన భార్యతో మాట్లాడుకుంటూ ఉంటాడు. వాక్యం అలల్లా వచ్చి వెనక్కి పోతుంది. మొదటి ముప్పై పేజీలు విసుగొస్తుంది. పైకి చదవండి, రాత్రిపూట. అప్పుడు పట్టుకుంటుంది.

కొత్తసభ్యుడు_27
క్రైమ్ గురించి ఎవరైనా చెప్పండి. లార్సన్ తర్వాత ఏం చదవాలి?

ఉప్సాలా_వెన్నెల
తర్వాత కాదు, ముందు. మాయ్ ష్యోవాల్, పెర్ వాలూ అనే స్వీడన్ జంట 1965–75 మధ్య మార్టిన్ బెక్ అనే పోలీసాయన మీద పది నవలలు రాశారు. హంతకుడు ఎవరన్న దానికంటే, ఈ దేశం తన మనుషుల్ని ఎలా వదిలేస్తోందన్నదే వాటిలో అసలు ప్రశ్న. ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’తో మొదలుపెట్టండి.

పాతపుస్తకాల_మాస్టారు
వానాకాలం గారు మొదట్లో ‘ఒక్కరూ కంటతడి పెట్టరు’ అన్నారు. దానికి సరైన జవాబు ‘ఎగిల్ సాగా’లో ఉంది.

ఎగిల్ ఆరేడేళ్ళప్పుడే ఆటలో తగాదా వచ్చి ఇంకో పిల్లాణ్ణి గొడ్డలితో చంపినవాడు. అనాకారి, పిసినారి, మహాకవి. ముసలితనంలో అతని ప్రియమైన కొడుకు సముద్రంలో మునిగిపోతాడు. కొడుకుని సమాధిలో పెట్టి వచ్చి, పడకగదిలో గడియ వేసుకుని పడుకుంటాడు. తిండి లేదు, నీళ్ళు లేవు. ఎవరికీ పలకరించే ధైర్యం లేదు. మూడో రోజు పెళ్ళైన కూతురు థోర్‌గెర్డ్‌కి కబురు పంపుతారు. ఆవిడ వస్తూనే, అందరికీ వినపడేలా, నేనూ ఏమీ తినను, నాన్నతోపాటే పోతాను అంటుంది. తలుపు తీస్తాడు. పక్క మంచం మీద పడుకుంటుంది. కాసేపటికి ఏదో నములుతున్న చప్పుడు. ఏంటమ్మా అది? సముద్రపు నాచు నాన్నా, తింటే తొందరగా చస్తారట. నాకూ పెట్టు. అది ఉప్పగా ఉంటుంది, దాహం వేస్తుంది. ఆవిడ నీళ్ళు అడుగుతుంది, ఆయనా అడుగుతాడు. తాగే కొమ్ములో తెచ్చింది నీళ్ళు కాదు, పాలు. తాగాక, మనల్ని మోసం చేశారు నాన్నా అంటుంది. ఆయన కోపంతో ఆ కొమ్ముని పళ్ళతో కొరికి విసిరేస్తాడు. అప్పుడంటుంది: ఎలాగూ చావు తప్పింది. తమ్ముడి మీద పద్యం చెప్పండి, నేను కర్ర మీద చెక్కుతాను. ఆ తర్వాత చద్దాం.

‘నాలుక కదలడం లేదు’ అంటూ మొదలయ్యే ఆ పద్యం పేరు సోనతొరెక్. చెప్పేకొద్దీ ఆయన లేచి కూర్చుంటాడు. పద్యం పూర్తయ్యాక మంచం దిగి వెళ్ళి తన పీట మీద కూర్చుంటాడు.

సరస్సుల_ఊరు
మాస్టారూ, ఇది మా అమ్మాయికి చదివి వినిపించాను. థోర్‌గెర్డ్ పేరు మళ్ళీ మళ్ళీ అడుగుతోంది.

పల్నాటి_పుంజు
ఇవన్నీ అసలు మనదాకా ఎలా వచ్చాయన్నదే పెద్ద కథ. ఆర్ని మాగ్నుసన్ అనే ఐస్‌లాండ్ పండితుడు 1700 ప్రాంతంలో ఇల్లిల్లూ తిరిగి తోలు పుటలు ఏరుకొచ్చాడు. ఒక పుట అయితే బట్టలు కుట్టే కొలతకని కత్తిరించి ఉంది. 1728లో కోపెన్‌హేగెన్ తగలబడినప్పుడు ఆయన ఇల్లూ కాలింది. తోలు గ్రంథాలు చాలావరకు బయటపడ్డాయి, అచ్చు పుస్తకాలు పోయాయి. వాళ్ళ పాత దేవతల పద్యాలున్న తోలు ప్రతి మాత్రం 1662 నుంచి డెన్మార్క్ రాజు దగ్గర ఉండిపోయింది. అరచేతికన్నా కాస్త పెద్దది, నలభై అయిదు ఆకులు. 1971 ఏప్రిల్ 21న డేనిష్ నౌక దాన్ని రేక్యవిక్ రేవుకి తెచ్చిస్తే వేలమంది వచ్చి ఎదురుచూశారు. ఒక పుస్తకం కోసం!

వానాకాలం_చదువు
నెల తర్వాత వస్తున్నాను. మొదట హ్రాఫ్న్‌కెల్, తర్వాత మళ్ళీ న్యాల్. ఈసారి పూర్తి చేశాను. వంశవృక్షాలు మొదట దాటేశాను, సగం నుంచి నేనే వెనక్కి వెళ్ళి చదువుకున్నాను.

గున్నార్ భార్య హాల్‌గెర్డ్ జుట్టు దగ్గర పుస్తకం మూసి బయటికొచ్చి నిలబడ్డాను. గున్నార్‌ని ఇంట్లో చుట్టుముట్టారు. వింటినారి తెగింది. నీ జుట్టు రెండు పాయలివ్వు, అమ్మా నువ్వూ కలిసి నారి పేనండి అంటాడు. దాని మీద ఏమైనా ఆధారపడి ఉందా అని అడుగుతుంది. నా ప్రాణం ఉంది అంటాడు. అయితే ఎప్పుడో నువ్వు కొట్టిన చెంపదెబ్బ గుర్తుచేస్తున్నాను అంటుంది. ఇంక రెండోసారి అడగను అంటాడు. అంతే. వాళ్ళిద్దరి కాపురమంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. మాస్టారు చెప్పింది అప్పుడు అర్థమైంది.

ఇంకొకటి మాత్రం ఎవరూ చెప్పలేదు. న్యాల్ ఇంటికి నిప్పు పెడతారు. న్యాల్ భార్య బెర్గ్‌థోరాని బయటికి పొమ్మంటే, చిన్నప్పుడే ఆయనకిచ్చారు, ఇద్దరికీ ఒకటే గతి అని మాటిచ్చాను అంటుంది. మనవడు, నన్ను వదలనన్నావుగా నానమ్మా అంటాడు. వాణ్ణి మధ్యలో పడుకోబెట్టుకుని, ఎద్దుతోలు కప్పించుకుంటారు. ఆ మంటల్లోంచి తప్పించుకున్న అల్లుడు కారి, నిప్పు పెట్టించిన ఫ్లోసి మనుషుల్ని ఏళ్ళ తరబడి వెతికి వెతికి చంపుతాడు. చివర్లో కారి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తాడు. బయట మంచు తుఫాను. దగ్గర్లో ఉన్నది ఫ్లోసి ఇల్లే. పద, వాడి పెద్దమనిషితనం ఎంతో చూద్దాం అంటాడు. లోపలికి అడుగుపెట్టగానే ఫ్లోసి గుర్తుపట్టి, లేచి ఎదురొచ్చి ముద్దుపెట్టుకుని, తన పక్కన పెద్దపీట మీద కూర్చోబెడతాడు. ఆ చలికాలమంతా అక్కడే ఉండమంటాడు. కారి ఉంటాడు.

ఇప్పుడు ఎగిల్ మొదలుపెట్టాను. మాస్టారూ, మొదటి పాతిక పేజీల్లో మళ్ళీ తాతల పేర్లే. ఈసారి కాగితం మీద రాసుకుంటున్నాను.